పాత బేసిక్‌లో ‘పీక్’: కంప్యూటర్ లోపలికి తొంగి చూసే ఒక చిన్న పాఠం



మీలో కొంతమంది 1990లలో స్కూల్లోనో, ఊళ్లోని కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లోనో జీడబ్ల్యూ-బేసిక్ నేర్చుకుని ఉంటారు. నల్లటి స్క్రీన్ మీద 10, 20, 30 అని లైన్ నంబర్లు వేసి, చివర ‘రన్’ అని కొట్టిన రోజులు గుర్తుండే ఉంటాయి. ఇప్పుడు మీ పిల్లలు అదే వయసులో పైథాన్ నేర్చుకుంటున్నారు. “మా కాలపు బేసిక్ ఇప్పుడెందుకు పనికొస్తుంది?” అని మీకు అనిపించడం సహజం.

అందులోని ఒక్క మాట మాత్రం ఈ రోజుకీ పనికొస్తుంది. అదే ‘పీక్’. పేరు వింటే ఏదో పీకేస్తుందేమో అనిపిస్తుంది కానీ, అది దేన్నీ కదపదు. ఇంగ్లీషులో ఆ మాటకు తొంగి చూడడం అని అర్థం. కంప్యూటర్ మెమరీలో మనం చెప్పిన చోటికి వెళ్లి, అక్కడ ఏ అంకె ఉందో చూసి వచ్చి చెబుతుంది. అంతే.

పాత ప్రోగ్రాములు కంప్యూటర్ సెట్టింగులను తెలుసుకోవడానికి ఈ పీక్‌నే వాడుకునేవి. మెమరీ ఎంత ఉంది, స్క్రీన్ కలరా కాదా, క్యాప్స్ లాక్ వేసి ఉందా లేదా వంటివన్నీ అలాగే చూసుకునేవి. అది ఎలా పనిచేసేదో, ఎక్కడ దెబ్బ తినేదో తెలిస్తే మీ పిల్లలతో కూర్చుని మాట్లాడడానికి ఒక మంచి విషయం దొరుకుతుంది. మీకు కోడింగ్ రాకపోయినా ఫరవాలేదు. కూడికలు, గుణకారాలు వస్తే చాలు.

మెమరీ అంటే గేటు దగ్గరి పోస్టు డబ్బాలు

మీ అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వరసగా పోస్టు డబ్బాలు ఉంటాయి కదా. ప్రతి డబ్బాకీ ఒక నంబరు. కంప్యూటర్ మెమరీని కూడా అలాగే ఊహించుకోండి. ఒక్కో డబ్బాలో ఒక్క అంకె మాత్రమే పడుతుంది. అది 0 నుంచి 255 లోపే ఉండాలి. ఇలాంటి ఒక డబ్బానే బైట్ అంటారు.

ఐబీఎం 1981లో తన పర్సనల్ కంప్యూటర్‌ను విడుదల చేసినప్పుడు, స్విచ్ వేయగానే యంత్రం తనను తాను పరీక్షించుకుని, ఆ వివరాలను కొన్ని నిర్ణీతమైన డబ్బాల్లో రాసి పెట్టుకునేలా ఏర్పాటు చేసింది. ఈ పని చేసే శాశ్వత ప్రోగ్రామును బయోస్ అంటారు. ఆ తర్వాత డాస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వచ్చినా, బేసిక్ వచ్చినా ఆ డబ్బాలు మాత్రం అక్కడే ఉంటాయి.

వాటిని చూడాలంటే బేసిక్‌లో ఇలా టైప్ చేసేవాళ్లు. కంప్యూటర్‌లో ఇంగ్లీషు అక్షరాలే కొట్టాలి, ఇక్కడ తెలుగులో రాస్తున్నాం.

డెఫ్ సెగ్ = 64
ప్రింట్ పీక్(23)

మొదటి లైను “64వ బ్లాకుకు వెళ్లు” అంటుంది. రెండో లైను “అక్కడ 23వ డబ్బాలో ఏముందో చూపించు” అంటుంది. ఈ బ్లాకులు 16 డబ్బాలకు ఒకటి చొప్పున మొదలవుతాయి. కాబట్టి అసలు చిరునామా 64 × 16 + 23, అంటే 1047. మొదటి లైను మరిచిపోతే బేసిక్ తన సొంత బ్లాకులోని 23వ డబ్బాను చూపిస్తుంది. నంబరు అదే, ఇల్లు వేరు. అయినా కంప్యూటర్ “తప్పు” అనదు. అక్కడున్న అంకె ఏదైతే అది చూపిస్తుంది. ఈ విషయం గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

ఒక్క అంకెలో ఎనిమిది స్విచ్‌లు

23వ డబ్బాలో కీబోర్డు స్థితి ఉంటుంది. అక్కడ 96 కనిపించిందనుకుందాం. దాని అర్థం ఏమిటి?

ఇంట్లో గోడకున్న స్విచ్‌బోర్డును ఊహించుకోండి. అందులో ఎనిమిది స్విచ్‌లు ఉన్నాయి. వాటికి వరసగా 1, 2, 4, 8, 16, 32, 64, 128 అని విలువలు రాశాం. ఏ స్విచ్ వేసి ఉంటే దాని విలువను కలుపుతాం, కట్టేసి ఉంటే కలపం. 96 రావాలంటే 64, 32 ఈ రెండే వేసి ఉండాలి. మరో దారి లేదు. మీ పిల్లల చేత ప్రయత్నం చేయించండి. ఈ ఎనిమిది విలువలతో ఏ అంకెనైనా ఒకే ఒక్క విధంగా కూడగలమని వాళ్లే కనిపెడతారు.

కీబోర్డు డబ్బాలో 64 అంటే క్యాప్స్ లాక్, 32 అంటే నమ్ లాక్. కాబట్టి 96 అంటే రెండూ వేసి ఉన్నాయని. 1 కుడి షిఫ్ట్, 2 ఎడమ షిఫ్ట్, 4 కంట్రోల్, 8 ఆల్ట్. ఒక్క క్యాప్స్ లాక్ సంగతే కావాలంటే ‘పీక్(23) యాండ్ 64’ అని అడిగేవాళ్లు. వేసి ఉంటే 64, లేకపోతే 0 వస్తుంది. పేర్లన్నీ పెద్ద అక్షరాల్లోనే ఎక్కించాలనుకునే ప్రోగ్రాము, టైపింగ్ మొదలయ్యే ముందు ఇలా ఒకసారి చూసుకోవచ్చు.

డజన్ల లెక్కలో 640

ఇప్పుడు 19, 20 డబ్బాలు చూద్దాం. అక్కడ మెమరీ ఎంత ఉందో కిలోబైట్లలో రాసి ఉంటుంది. కానీ ఒక డబ్బాలో 255 కంటే పెద్ద అంకె పట్టదు కదా, 640 ఎలా రాస్తారు?

అరటిపళ్ల లెక్క గుర్తు తెచ్చుకోండి. 32 పళ్లంటే రెండు డజన్లు, విడిగా 8. కంప్యూటర్‌కు డజను అంటే 12 కాదు, 256. 640 అంటే 256ల కట్టలు రెండు, విడిగా 128. విడి అంకెను ముందు డబ్బాలో, కట్టల సంఖ్యను తర్వాతి డబ్బాలో పెడుతుంది. అందుకే బేసిక్‌లో ఇలా రాసేవాళ్లు.

ప్రింట్ పీక్(19) + 256 * పీక్(20)

128 + 512 = 640. కొన్ని కంప్యూటర్లలో 639 వస్తుంది. అది పొరపాటు కాదు. తర్వాత వచ్చిన యంత్రాల్లో బయోస్ తన అవసరాలకు ఒక కిలోబైట్ పక్కన పెట్టుకుని మిగిలినదే చెబుతుంది.

ఇక్కడే ఒక తమాషా ఉంది. కంప్యూటర్‌లో ఎన్నో మెగాబైట్ల మెమరీ ఉన్నా ఈ రెండు డబ్బాల్లో కనిపించేది 640 లోపే. ఎందుకంటే ఆ డబ్బాలు మొత్తం మెమరీ చెప్పడానికి పెట్టినవి కావు. డాస్ ప్రోగ్రాములు మామూలుగా వాడుకునే మొదటి భాగం ఎంతో చెప్పడానికి పెట్టినవి. జవాబు సరైనదే. అడిగినవాళ్ల మనసులోని ప్రశ్నే వేరు.

తప్పు చూస్తే స్క్రీన్ ఖాళీ

ఇవన్నీ ఎందుకు చూసుకోవాలి? ఒక ఉదాహరణ చెబుతాం. ఆ రోజుల్లో ఒక రంగులో అక్షరాలు మాత్రమే చూపే మోనోక్రోమ్ స్క్రీన్లు, కలర్ స్క్రీన్లు రెండూ ఉండేవి. అక్షరాలు కనిపించాలంటే వాటిని మెమరీలో ఒక చోట రాయాలి. ఆ చోటు మోనోక్రోమ్‌కు 45056వ బ్లాకు, కలర్‌కు 47104వ బ్లాకు. పని త్వరగా జరగాలని చాలా ప్రోగ్రాములు నేరుగా అక్కడే రాసేవి. అలా రాసే ఆదేశం పేరు ‘పోక్’. పీక్ చూస్తుంది, పోక్ రాస్తుంది.

కానీ మోనోక్రోమ్ మాత్రమే ఉన్న కంప్యూటర్‌లో కలర్ బ్లాకుకు రాస్తే? ప్రోగ్రాము నడుస్తూనే ఉంటుంది, స్క్రీన్ మీద ఏమీ కనపడదు. అందుకే జాగ్రత్తగల ప్రోగ్రామర్లు ముందు 16వ డబ్బా చూసేవాళ్లు. అందులో 16, 32 విలువల స్విచ్‌లు రెండూ వేసి ఉంటే మోనోక్రోమ్ అని అర్థం.

10 డెఫ్ సెగ్ = 64
20 ఇఫ్ (పీక్(16) యాండ్ 48) = 48 దెన్ ఎస్ = 45056 ఎల్స్ ఎస్ = 47104
30 డెఫ్ సెగ్ = ఎస్

16, 32 కలిపితే 48. ఈ మూడు లైన్లు మీ పిల్లలకు చూపించండి. ముందు పరిస్థితి చూసుకోవడం, తర్వాత నిర్ణయం తీసుకోవడం, ఆ తర్వాతే పని మొదలుపెట్టడం, మూడూ అందులో ఉన్నాయి.

ఆ అర్థం ఎవరు చెప్పారు?

ఇప్పుడు అసలు ప్రశ్న. 23వ డబ్బాలోని 64కు క్యాప్స్ లాక్ అని అర్థం ఎక్కడిది? ఆ అంకె మీద పేరు రాసి లేదు. 64 అంటే 64 మాత్రమే. దానికి అర్థం ఇచ్చింది ఐబీఎం. తన టెక్నికల్ రిఫరెన్స్ మాన్యువల్‌లో బయోస్ ప్రోగ్రామంతా అచ్చు వేసి, ఏ డబ్బాలో ఏముంటుందో అందరికీ తెలియజేసింది. దాన్ని నమ్మి ఎంతోమంది ప్రోగ్రాములు రాశారు. ఆ ప్రోగ్రాములు నడవాలి కాబట్టి ఐబీఎంకు దీటుగా కంప్యూటర్లు తయారుచేసిన ఇతర కంపెనీలూ అవే డబ్బాలను అలాగే ఉంచాయి. అచ్చులో పడ్డ మాట కాబట్టి ఏళ్ల తరబడి నిలిచింది.

అందరూ ఇలాంటి మాట ఇవ్వలేదు. డాస్‌లో కాన్ఫిగ్.సిస్ అనే చిన్న ఫైలు ఉండేది. అందులో లాస్ట్‌డ్రైవ్ అనే సెట్టింగు రాస్తే, కంప్యూటర్ ఏ అక్షరం వరకు డ్రైవ్ పేర్లు వాడుకోవచ్చో డాస్ గుర్తుపెట్టుకునేది. ఎక్కడ గుర్తుపెట్టుకునేదో మాత్రం మైక్రోసాఫ్ట్ తన మాన్యువల్స్‌లో చెప్పలేదు. అది డాస్ సొంత వ్యవహారం. అయినా ప్రోగ్రామర్లు వెతికి పట్టుకున్నారు. డాస్ 3.0లో ఆ పట్టిక మొదలు నుంచి 27 డబ్బాల అవతల అది ఉండేది. డాస్ 3.1 వచ్చేసరికి 33 డబ్బాల అవతలికి మారిపోయింది.

3.0 కోసం రాసిన ప్రోగ్రామును 3.1లో నడిపితే ఏమవుతుంది? ఎర్రర్ వస్తే బాగుండేది. కానీ రాదు. 27వ చోట ఇంకేదో అంకె ఉంటుంది. పీక్ దాన్నే తెచ్చి ఇస్తుంది. ప్రోగ్రాము దాన్నే లాస్ట్‌డ్రైవ్ అనుకుని ముందుకు సాగుతుంది. తప్పు ఎక్కడో, ఎప్పుడో, మరో రూపంలో బయటపడుతుంది.

పీక్‌తో ఉన్న చిక్కంతా ఇదే. అది ఎప్పుడూ “నాకు తెలియదు” అనదు. ఏ డబ్బా అడిగినా 0 నుంచి 255 లోపు ఏదో ఒక అంకె చెప్పి తీరుతుంది. ఆ అంకెను నమ్మవచ్చో లేదో తేల్చుకోవాల్సింది అడిగినవాళ్లే. అందుకే పాత ప్రోగ్రాములను బాగుచేసేవాళ్లు పీక్ కనిపించిన ప్రతి చోటా ఒకే ప్రశ్న వేసుకోవాలి: “ఇక్కడ ఇది ఉంటుందని మాట ఇచ్చిందెవరు?”

తొంగి చూడడం కన్నా తలుపు తట్టడం మేలు

మన దేశంలో 1984-85లో ‘క్లాస్’ పేరుతో స్కూళ్లలో కంప్యూటర్ విద్య మొదలైనప్పుడు, పిల్లల ముందుకు వచ్చింది బ్రిటన్‌లో ఏకార్న్ కంపెనీ తయారుచేసిన బీబీసీ మైక్రో. అందులోని బేసిక్‌లో పీక్ అనే మాటే లేదు. దాని బదులు ప్రశ్నార్థకం గుర్తు పెట్టి డబ్బా నంబరు రాస్తే చాలు. అయినా ఏకార్న్ ప్రోగ్రామర్లకు ఒక సలహా ఇచ్చేది: సెట్టింగులు కావాలంటే డబ్బాల్లోకి చూడకండి, ఆపరేటింగ్ సిస్టమ్‌ను అడగండి. దానికోసం ప్రత్యేకంగా పిలుపులు ఏర్పాటు చేసింది.

దానికి కారణం ఉంది. బీబీసీ మైక్రోకు పక్కన రెండో ప్రాసెసర్‌ను తగిలించవచ్చు. అప్పుడు ప్రోగ్రాము ఆ రెండో ప్రాసెసర్ మెమరీలో నడుస్తుంది. నేరుగా డబ్బా చూస్తే అది పక్కింటి డబ్బా అవుతుంది. సిస్టమ్‌ను అడిగితే మాత్రం సరైన చోటి నుంచే జవాబు తెచ్చి ఇస్తుంది.

జీడబ్ల్యూ-బేసిక్‌లోనూ ఇలాంటి తలుపు ఒకటి ఉంది. ‘ఎన్విరాన్’ అనే ఫంక్షన్‌కు ‘పాత్’ అని సెట్టింగు పేరు చెబితే, ప్రోగ్రాములను ఏ ఫోల్డర్లలో వెతకాలో డాస్‌కు ఇచ్చిన జాబితా వస్తుంది. డబ్బా నంబరు అక్కర్లేదు. అది మెమరీలో ఎక్కడికి మారినా మన ప్రోగ్రాముకు నష్టం లేదు. మీ పిల్లలు నేర్చుకునే పైథాన్‌లోనూ పద్ధతి ఇదే. ‘ఓఎస్’ అనే మాడ్యూల్‌ను పేరుతో అడుగుతారు.

ఇప్పుడు గోడలెందుకు వచ్చాయి?

పాత పద్ధతిలో ఇంకో ఇబ్బంది ఉంది. అదే 64వ బ్లాకులో 30వ డబ్బా నుంచి 61 వరకు మీరు తాజాగా నొక్కిన కీలు ఉంటాయి. అంటే కంప్యూటర్‌లో నడుస్తున్న ఏ ప్రోగ్రామైనా అక్కడికి తొంగి చూసి, మీరు టైప్ చేసిన పాస్‌వర్డ్ అక్షరాలు చదవగలదు. ఒక యంత్రం, ఒక మనిషి, ఒక ప్రోగ్రాము ఉన్న రోజుల్లో దీన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

ఈ రోజు ఒకే ఫోన్‌లో బ్యాంకు యాప్, గేమ్ పక్కపక్కనే ఉంటాయి. అందుకే ఇప్పటి ఆపరేటింగ్ సిస్టమ్‌లు ప్రతి ప్రోగ్రాముకూ సొంత గది ఇచ్చి చుట్టూ గోడ కడతాయి. 1047వ డబ్బా అని అడిగినా అది ఆ గదిలోని లెక్కే తప్ప యంత్రంలోని అసలు డబ్బా కాదు. 64-బిట్ విండోస్ పాత డాస్ ప్రోగ్రాములను నేరుగా నడపదు. డాస్‌బాక్స్ లాంటి ఎమ్యులేటర్‌లో నడిపితే, అది పాత డబ్బాలను మళ్లీ అచ్చు అలాగే అమర్చి చూపిస్తుంది. అక్కడ పీక్(23) ఈ రోజుకీ పనిచేస్తుంది.

గోడ కట్టిన తర్వాత యాప్‌కు కెమెరా కావాలన్నా, కాంటాక్టులు కావాలన్నా తలుపు తట్టి అడగాల్సిందే. ఆ తలుపు చప్పుడే మీ ఫోన్‌లో కనిపించే “అనుమతించాలా?” అన్న ప్రశ్న. మనం చదవకుండానే “సరే” అని నొక్కేస్తే, ఆ గోడ కట్టిన ప్రయోజనం మన చేతులతోనే పోగొట్టుకున్నట్టు. పిల్లల ముందు మీరు ఒక్కసారి ఆగి, చదివి, అవసరం లేనిదానికి “వద్దు” అని నొక్కండి. వాళ్లు చూసి నేర్చుకుంటారు.

ఈ నెల ఇంట్లో చేసి చూడండి

దీనికి కంప్యూటర్ అవసరం లేదు. ఎనిమిది ఖాళీ అగ్గిపెట్టెలు, కొన్ని కాగితం ముక్కలు చాలు.

1. అగ్గిపెట్టెల మీద 0 నుంచి 7 వరకు నంబర్లు వేయండి. ప్రతి పెట్టెలో 0 నుంచి 255 లోపు ఒక అంకె రాసిన చీటీ పెట్టండి.

2. వేరే కాగితం మీద పట్టిక రాయండి. ఉదాహరణకు “2వ పెట్టె: ఇంట్లో లైట్లు. 1 హాలు, 2 వంటిల్లు, 4 పడకగది, 8 వరండా.” “5, 6 పెట్టెలు: ఈ నెల కరెంటు బిల్లు. విడి అంకె ముందు, 256ల కట్టలు తర్వాత.”

3. పిల్లలకు ముందు పెట్టెలు మాత్రమే ఇచ్చి, “హాలులో లైటు వేసి ఉందా? బిల్లు ఎంత?” అని అడగండి. చీటీలన్నీ చూసినా వాళ్లు చెప్పలేరు. తర్వాత పట్టిక ఇవ్వండి. క్షణాల్లో చెప్పేస్తారు.

4. ఇప్పుడు వాళ్లకు చెప్పకుండా రెండు పెట్టెల్లోని చీటీలు తారుమారు చేసి మళ్లీ అడగండి. ఈసారీ జవాబు చెబుతారు, కానీ తప్పు చెబుతారు. ఆ తప్పు ఎలా వచ్చిందో వాళ్లనే కనిపెట్టనివ్వండి. లాస్ట్‌డ్రైవ్ కథ అప్పుడు చెప్పండి.

కంప్యూటర్ మీద చేయాలని పిల్లలు ముచ్చటపడితే, ల్యాబ్ టీచర్‌ను అడిగి ఎమ్యులేటర్‌లో ప్రయత్నించమనండి. పీక్‌తో చూసినందువల్ల ఏదీ చెడిపోదు. పోక్‌తో మాత్రం తెలియని చోట రాయవద్దని చెప్పండి.

చివరగా ఒక మాట. పిల్లలు ప్రోగ్రాము రాసి “అమ్మా, ఆన్సర్ వచ్చేసింది” అంటూ పరుగున వచ్చినప్పుడు సంతోషించండి, మెచ్చుకోండి. తర్వాత “ఈ అంకె ఎక్కడి నుంచి వచ్చింది? దానికి ఆ అర్థమని నీకెలా తెలుసు?” అని కూడా అడగండి. ఆ ప్రశ్నకు జవాబు వెతికే పిల్లలకు రేపు భాష మారినా, యంత్రం మారినా భయం ఉండదు. మీరు బేసిక్ నేర్చుకున్న తరం వాళ్లయితే, ఆ పాత నోట్‌బుక్ అటక మీద ఉందేమో వెతికి చూడండి. ఈ ఆదివారం దాన్ని మీ అబ్బాయికో అమ్మాయికో చూపించండి.